పీసీఓఎస్, బేరియాట్రిక్ శస్త్రచికిత్స: మెట్ట కృష్ణా నేపథ్యం

పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్‌ను పొట్టిగా పీసీఓఎస్ అంటారు. జగ్గయ్యపేట, నందిగామ వైపు స్కానింగ్ చేయించుకున్న ఆడపిల్లలు పీసీఓడీ అనో, నీటిబుడగలు అనో చెప్పుకుంటారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీదా పైపెదవి మీదా వెంట్రుకలు, మానని మొటిమలు, బరువు పెరగడం, గర్భం ఆలస్యం కావడం దీని లక్షణాలు. అన్నీ అందరిలో ఉండవు. సన్నగా ఉన్నవారికీ ఇది వస్తుంది. ఊబకాయం తీవ్రంగా ఉండి ఆహారంతో, వ్యాయామంతో, మందులతో లొంగనప్పుడు కడుపు పరిమాణం తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స ఒక దారి.

అండాశయం నుంచి ఇన్సులిన్ దాకా

1721లో ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్లిస్‌నేరి, కాస్త లావుగా ఉండి పిల్లలు పుట్టని ఒక యువ రైతు మహిళ అండాశయాలు మామూలు కన్నా పెద్దవిగా, తెల్లగా ఉన్నాయని రాశాడు. ఆధునిక వైద్యం దీన్ని గుర్తించింది 1935లో. షికాగో వైద్యులు ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంథాల్ ఏడుగురు మహిళల వివరాలు ప్రచురించారు. అండాశయాల్లోంచి కొంత భాగం కోసి తీస్తే ఏడుగురికీ నెలసరి తిరిగొచ్చింది, ఇద్దరు గర్భం దాల్చారు. అప్పటినుంచి చాలాకాలం వైద్యం అండాశయం చుట్టూనే తిరిగింది. స్కానింగ్‌లో బుడగల్లా కనిపించేవి నిజానికి పక్వానికి రాకుండా మధ్యలో ఆగిపోయిన అండకోశాలు. అవి జబ్బుకు ఫలితమే తప్ప మూలం కాదు.

1980లో ఈ మహిళల రక్తంలో పురుష హార్మోన్లతో పాటు ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉంటోందని అమెరికా పరిశోధకులు చూపించారు. అసలు మలుపు అదే. కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే శరీరం దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ పురుష హార్మోన్లను ఎగదోస్తుంది, అండం విడుదల ఆగుతుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఈ చక్రాన్ని మరింత బిగిస్తుంది. మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ గుడ్డలా కనిపించే నలుపు ఇందుకు పైకి తెలిసే గుర్తు. మురికి పట్టిందనుకుని అమ్మలు సున్నిపిండి పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దుతుంటారు. ఎంత రుద్దినా అది పోదు. ఆ నలుపు చూసినప్పుడు చేయించాల్సింది షుగర్ పరీక్ష.

నిర్ధారణకు 2003లో రోటర్‌డామ్ ప్రమాణాలు వచ్చాయి. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లు పెరగడం, స్కానింగ్‌లో అండాశయాల తీరు అనే మూడింటిలో రెండుంటే చాలు. ఆ లెక్కన అనంతపురంలో 15–18 ఏళ్ల విద్యార్థినులను పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 9.13 శాతం మందిలో పీసీఓఎస్ తేలింది. 18–40 ఏళ్ల మహిళలపై దేశవ్యాప్తంగా జరిపి 2024లో వెలువరించిన సర్వేలో ఇది 19.6 శాతం.

మెట్టలో తిండి, పని

జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు కృష్ణా జిల్లాలో డెల్టా కాలువలు అందని పడమటి మెట్ట ఇది. పాతరోజుల్లో ఇక్కడ జొన్నన్నం, జొన్నరొట్టె, ఉలవలు తినేవారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం కలిసి కంచంలో వరన్నాన్ని స్థిరపరిచాయి. బియ్యం పథకం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే పని లేదు. కానీ మూడు పూటలా అన్నం, దాని పక్కన పలచని పప్పు, చదువులతో, షాపు పనులతో తగ్గిన నడక కలిస్తే ఇన్సులిన్ మీద భారం పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవన్నది శస్త్రచికిత్స సంగతి వచ్చేసరికి చాలా ముఖ్యం.

శస్త్రచికిత్స రాక

బరువు తగ్గించడానికి పేగుల దారి మళ్లించే ఆపరేషన్లు 1950లలో అమెరికాలో మొదలయ్యాయి. అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రవేశపెట్టాడు. కడుపులో దాదాపు నాలుగింట మూడొంతులు తొలగించే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ 2000 తర్వాత ప్రాచుర్యంలోకి వచ్చింది. 2005లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన ఫలితాల్లో, ఆపరేషన్‌తో బరువు తగ్గాక మళ్లీ పరీక్షించిన 12 మంది పీసీఓఎస్ మహిళల్లోనూ నెలసరి లేదా అండం విడుదల గాడిన పడింది. గట్టి రుజువు 2024లో లండన్ నుంచి వచ్చింది. ఊబకాయంతో ఉన్న 80 మంది పీసీఓఎస్ మహిళల్లో సగం మందికి స్లీవ్ ఆపరేషన్, మిగతావారికి మందులు, జీవనశైలి సలహాలు ఇచ్చారు. ఏడాదిలో ఒక్కొక్కరికి అండం విడుదలైన సార్లు మధ్యస్థంగా ఆపరేషన్ జట్టులో ఆరు, రెండో జట్టులో రెండు.

2022 అంతర్జాతీయ సిఫార్సుల ప్రకారం ఆసియా వాసులకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 27.5 నుంచే ఆపరేషన్‌ను పరిశీలించవచ్చు. బీమా నిబంధనలు మాత్రం వెనకే ఉన్నాయి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన షరతుల్లో బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన నిద్రలో శ్వాస ఆటంకం, అదుపు తప్పిన షుగర్ వంటివి ఉండాలి. ఆ జాబితాలో పీసీఓఎస్ పేరు లేదు. ఇది సరిదిద్దాల్సిన లోటు.

ఇంటికొచ్చాక

జగ్గయ్యపేట, నందిగామ రెండూ హైదరాబాద్–విజయవాడ రహదారికి దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి పెద్దాసుపత్రికి చేరడం పెద్ద కష్టం కాదు. ఆపరేషన్‌కు రెండు మూడు రోజులు, కోలుకోవడానికి కొన్ని వారాలు పడితే, దాని తర్వాతి జాగ్రత్తలు జీవితాంతం ఉంటాయి. అవి ఊళ్లోనే జరగాలి.

మొదటి వారాలు మజ్జిగ తేట, పెసరకట్టు వంటి ద్రవాలే. గట్టి తిండి మొదలయ్యాక కంచంలో వరస మారాలి: ముందు గుడ్డు, చేప, గట్టిపప్పు, ఆ తర్వాత కూర, చివర రెండు ముద్దల అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. భోజనం మధ్యలో నీళ్లు తాగకూడదు. అందుకే ఎండలో మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లేవారు పొద్దుటినుంచే గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి. ఒక్కసారి చెంబెడు నీళ్లు పట్టే కడుపు కాదది. ఇక్కడివారికి గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. చేలో వంగి పనిచేసి నడుం పట్టేస్తే మెడికల్ షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు బైపాస్ అయినవారికి కడుపును పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు పడేలా చేస్తాయి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బి1 విటమిన్ లోపించి నరాలు దెబ్బతింటాయి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్, బి12, డి విటమిన్, కాల్షియం మానకూడదు. ముందే రక్తం తక్కువున్న మనిషి ఐరన్ మానేస్తే ఏడాది తిరిగేసరికి మెట్లెక్కడానికే ఆయాసపడుతుంది.

నెలసరి చాలామందిలో కొన్ని నెలల్లోనే గాడిన పడుతుంది, గర్భం కూడా ఊహించని వేగంతో రావచ్చు. ‘ఇంకా విశేషం లేదా’ అని ఏళ్లుగా అడిగించుకున్నవారికి ఆగడం కష్టమే. అయినా బరువు వేగంగా తగ్గే 12 నుంచి 18 నెలలు గర్భం వాయిదా వేయాలని వైద్యులు చెబుతారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు కనుక లూప్ వంటివి మేలు. గర్భం వచ్చాక తొలి పరీక్షలోనే ఆపరేషన్ సంగతి ఏఎన్ఎంకు, డాక్టరుకు చెప్పాలి. షుగర్ పరీక్షకు ఇచ్చే గ్లూకోజు నీళ్లు తాగితే బైపాస్ అయినవారికి చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, కళ్లు తిరగవచ్చు. వారికి 24–28 వారాల మధ్య వారం రోజులు ఇంటి దగ్గరే వేలి రక్తంతో షుగర్ చూస్తారు.