మూసా రాముడు, రేమండ్: ఫ్రెంచి పేర్ల తెలుగు ఉచ్చారణ - ఒక పరిశీలన

నేటి పల్నాడు జిల్లాలోని కొండవీడు 1750లలో కొంతకాలం ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉంది. నిజాం సలాబత్ జంగ్ వారికి ఇచ్చిన ప్రాంతాలలో అదొకటి. 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు కూడా వారికి దక్కాయి. ఆ పాలన త్వరలోనే ముగిసినా, దానితో వచ్చిన పేర్లు మన చరిత్ర గ్రంథాలలో నిలిచిపోయాయి. వాటిని మనం పలికే తీరు మాత్రం ఫ్రెంచిది కాదు. చాలావరకు ఆంగ్లేయుల కంటితో చదివినది.

నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో హైదరాబాదులో మరణించిన రేమండ్ పేరు ఇందుకు మంచి ఉదాహరణ. ఫ్రెంచిలో ఆ పేరు చివరి 'డ్' పలకదు. దాని ముందున్న 'న్' కూడా విడిగా వినిపించదు. అచ్చే ముక్కుతో కలిసి పలుకుతుంది. స్థానికులు ఆయనను మూసా రాముడనీ, మూసా రహీం అనీ పిలిచారని ప్రతీతి. మూసారాంబాగ్ అనే పేరు అలా వచ్చిందే. 'మూసా' అన్నది 'మస్యో' అనే గౌరవవాచకానికి జనం నోట పడిన రూపం. ఆ మాట రాతలో ఉన్న 'న్', 'ర్' పలుకులో లేవు, జనం మాటలోనూ లేవు. 'రాం' అన్నప్పుడు 'డ్' పోయి అనునాసికం నిలిచింది. దైవనామాల సారూప్యం ఇందుకు తోడై ఉండవచ్చు. అయినా చదివి రాసిన 'రేమండ్' కంటే విని పలికిన 'రాం' మూలానికి ఒక విషయంలో దగ్గరగా ఉంది.

రాతకూ పలుకుకూ మధ్య ఉన్న ఈ ఎడమే ధ్వనిలిపి పుట్టుకకు కారణం. 1886లో పారిస్‌లో పాల్ పాసీ మొదలైన భాషోపాధ్యాయులు స్థాపించిన సంఘమే తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘమైంది. దాని వర్ణమాల తొలి రూపం 1888లో వెలువడింది. అందులో అనునాసికాచ్చుకు గుర్తు అచ్చుపై ఉంచే అలగీత. ఇక్కడ మనకు అరసున్న గుర్తుకు రావాలి. చిన్నయసూరి ఖండబిందువన్నది ఇదే. పలుకులో లోపించి రాతలో మిగిలిన ఈ గుర్తు ఫ్రెంచి అనునాసికాచ్చుకు చక్కగా సరిపోతుంది: 'రెమోఁ'.

బుస్సీ పేరు ఇంత సులువు కాదు. బొబ్బిలి యుద్ధంతో (1757) తెలుగువారి నోళ్ళలో నానిన ఆ పేరులో మొదటి అచ్చు మనకు లేదు. నాలుకను 'ఇ' స్థానంలోనే ఉంచి, పెదవులను 'ఉ'కు వలె గుండ్రంగా చుట్టాలి. ధ్వనిలిపి దీనికి రోమన్ 'వై' అక్షరాన్ని వాడుతుంది. సకారద్విత్వం మాత్రం ఫ్రెంచి పలుకులో లేదు, అది రాతలోని జంటాక్షరాల ప్రభావమే అనిపిస్తుంది. డూప్లే విషయంలో పొరపాటు తిరగబడింది. ఫ్రెంచిలో చివరి హల్లు పలకదన్న సూత్రాన్ని అతిగా అన్వయించాం. ఆ పేరు చివర 'క్స్' పలుకుతుంది. పైగా ఫ్రెంచి 'ద' దంత్యం కనుక మొదట 'డ' బదులు 'ద' రాయడమే మేలు.

ఒక జాగ్రత్త అవసరం. నేటి నిఘంటువులు కొన్ని ఫ్రెంచి రేఫను తలకిందులుగా వేసిన 'ఆర్' గుర్తుతో చూపుతాయి. అది కొండనాలుక దగ్గర పుట్టే ధ్వని. 18వ శతాబ్దంలో మాత్రం నాలుక కొనతో పలికే రేఫ ఫ్రాన్సులో విస్తృతంగా ఉండేది, దక్షిణ ప్రాంతాలలో ఆ తరువాత కూడా చాలాకాలం నిలిచింది. రేమండ్ దక్షిణాన గాస్కనీలో పుట్టినవాడు. తన పేరులోని మొదటి హల్లును ఆయన దాదాపు మన 'ర' వలెనే పలికి ఉండవచ్చు.