ముందు డిస్కు, తర్వాతే మిషన్

బెజవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో రేడియోలు విప్పిన చేతులే తర్వాత టీవీలు విప్పాయి, తొంభైల్లో కంప్యూటర్లూ విప్పాయి. నాకు పని నేర్పిన మాస్టారు ఆ వరసవారే. ఇంజనీరింగ్ పట్టా లేదు. మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, మంచి ముక్కు ఉన్నాయి. "మూత తీసి వాసన చూడరా అబ్బాయ్, తర్వాత మీటరు పెడుదువుగాని" అనేవారు. కాలిన చోటు నిజంగానే ముందు ముక్కుకే తెలుస్తుంది.

అప్పట్లో కంపెనీ మిషన్ కొనగలిగిన ఇళ్లు తక్కువ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి శాతవాహన రైల్లో, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి పినాకిని రైల్లో విడిభాగాలు దిగేవి. గవర్నర్‌పేట గదుల్లో వాటిని బిగించి ఇళ్లకు పంపేవాళ్లం. మా వృత్తి నిలబడింది ఆ అసెంబుల్డ్ మిషన్ల మీదే. ఏ ముక్కనైనా ఊడదీసి, బాగున్న మిషన్‌లోది పెట్టి చూడొచ్చు. జబ్బు ఎక్కడుందో అలా తేలేది.

"డిస్‌ప్లే రావట్లేదండీ" అంటూ సీపీయూ వస్తే ముందు కరెంటు చూడాలి. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) ప్లగ్గులో ఆకుపచ్చ తీగకీ నల్ల తీగకీ మధ్య వంచిన పేపరు క్లిప్పు పెడితే, బోర్డుతో పనిలేకుండానే ఫ్యాను తిరగాలి. తిరిగితే ర్యామ్ తీసి, బంగారు పూత ఉన్న పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాలి. ఊళ్లో సగం మిషన్లు అక్కడే లేచేవి. ఇంకా లేవకపోతే చెవి పెట్టాలి: అవార్డ్ బయాస్ (మిషన్‌ను లేపే ప్రోగ్రాం) ఒక పొడుగు బీపు, రెండు పొట్టి బీపులు కొడితే గ్రాఫిక్స్ కార్డు, పొడుగు బీపులు ఆగకుండా వస్తుంటే మెమరీ.

డెల్టా వాతావరణం మాకు పని తక్కువ చేయలేదు. అవనిగడ్డ, బందరు వైపు నుంచి వచ్చే బోర్డుల మీద ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టేది. కోతల కాలంలో పల్లెల నుంచి వచ్చే క్యాబినెట్లలో ఊకదుమ్ము ఫ్యాన్లకు అట్టకట్టేది. ఎర్తింగ్ లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనేది. 2000 తర్వాత కొన్నేళ్లు మాత్రం కెపాసిటర్లు ఉబ్బి, పైన చీలి, గోధుమరంగు ద్రవం కార్చిన బోర్డులు వచ్చేవి. ఆ పాపం మన కరెంటుది కాదు. లోపలి రసాయనమే నాసిరకం, ప్రపంచమంతా ఆ బాధ పడింది.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ 1999 ఏప్రిల్ 26, సోమవారం. తైవాన్‌కు చెందిన చెన్ ఇంగ్ హావ్ విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు లేచింది. విండోస్ 95, 98 మిషన్లలో హార్డ్‌డిస్కు మొదటి మెగాబైటును సున్నాలతో నింపింది. కొన్ని బోర్డుల్లో బయాస్ చిప్పునీ చెరిపింది. బయాస్ పోతే బీపు కూడా రాదు.

దానికి మాస్టారు చేసిన వైద్యం చూసి తీరాల్సిందే. సరిగ్గా అదే మోడల్ బోర్డు వెతికి తెచ్చారు. దాని మంచి చిప్పు కిందుగా దారం కట్టి, వదులుగా కూర్చోబెట్టి, ఫ్లాపీతో డాస్‌లోకి బూట్ చేశారు. మిషన్ నడుస్తుండగానే దారంతో చిప్పును నిటారుగా పైకి లేపారు. బయాస్ అప్పటికే ర్యామ్‌లోకి నకలై ఉంటుంది కనుక మిషన్ ఆగలేదు. చచ్చిన చిప్పును గాడి చూసి ఆ సాకెట్‌లో పెట్టి, అందులో బయాస్‌ను మళ్లీ రాయించారు. కాలు ఒక్కటి వంకర పోయినా రెండు చిప్పులూ పోవచ్చు. ఆయన చెయ్యి వణకలేదు.

అంత కష్టపడి మిషన్ లేపాక కూడా ఆయన విండోస్ వేయనివ్వలేదు. బెజవాడ తెలుగు పుస్తకాల ఊరు. నవలలు, పాఠ్య గైడ్లు, పంచాంగాలు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చి, డీటీపీ వాళ్ల డిస్కుల్లోనే ఉండేవి. ఫార్మాట్ కొడితే అరగంటలో మిషన్ కళకళలాడుతుంది, నెలల ప్రూఫులు గాలిలో కలుస్తాయి. చేతకానివాడే ముందు ఫార్మాట్ కొడతాడన్నది ఆయన తీర్పు, నాదీ అదే. ఎఫ్‌ఏటీ32 డిస్కుల్లో ఫైళ్ల పట్టికకు రెండో ప్రతి ఉంటుంది. మొదటి మెగాబైటు పోయినా పెద్ద డిస్కుల్లో అది చాలాసార్లు మిగిలేది. దాన్ని పట్టుకుని ఫైళ్లు లాగేవాళ్లం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు బెజవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేటల్ని ముంచినప్పుడు ఆ పాఠమే పనికొచ్చింది. నీళ్లు దిగగానే ఆన్ చేసి చూసిన సీపీయూలు చాలావరకు షార్టయ్యాయి. ఆన్ చేయకుండా తెచ్చినవాటిని విప్పి, బోర్డుల బురద మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. హార్డ్‌డిస్కుకు గాలి కోసం సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి బురదనీరు లోపలికి పోతే, దుమ్ములేని గది ఉన్న చోటికి పంపడమే; మా బల్లమీద విప్పకూడదు. ఎస్‌ఎస్‌డీలు కాస్త మేలు, ఆరాక చాలావాటిలోంచి ఫైళ్లు వచ్చాయి. వచ్చినవాళ్లు పెళ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాలు అడిగారు. మిషన్ గురించి అడిగినవాళ్లు తక్కువ. అవన్నీ వేరే డిస్కుకు ఎత్తి ఇచ్చాకే బోర్డుల జోలికి వెళ్లాం.