డైఎలెక్ట్రోఫోరెసిస్

డైఎలెక్ట్రోఫోరెసిస్ అనగా నికర విద్యుదావేశం లేని సూక్ష్మకణాలు అసమరీతి విద్యుత్ క్షేత్రంలో కదలడం. వెంట్రుకంత సన్నని కాలువలు గల చిప్‌లలో రక్తకణాలను, బాక్టీరియాను వేరు చేయడానికి దీనిని వినియోగిస్తారు. 1951లో అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ పోల్ ఈ పేరు పెట్టాడు.

సూత్రం

క్షేత్రంలో కణం ధ్రువణం చెంది, ఒక అంచున ధనావేశం, మరొక అంచున రుణావేశం చేరతాయి. క్షేత్రం ఒకవైపు బలంగా ఉన్నందున రెండు అంచులపై బలాలు సమానం కావు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగడం ఇటువంటిదే. ద్రవం కంటే ఎక్కువగా ధ్రువణం చెందే కణం బలమైన క్షేత్రం వైపు, తక్కువగా చెందేది దానికి దూరంగా పోతుంది. ఎలక్ట్రోడ్ల ఎడం కొన్ని పదుల మైక్రోమీటర్లే అయితే కొద్ది వోల్టుల ఏకాంతర విద్యుత్తు చాలు.

మలేరియా నిర్ధారణ

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ గుర్తించినది సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ వ్యాధి పీడించిన ఖమ్మం–భద్రాచలం అటవీ ప్రాంతం వంటి చోట్ల, రక్తంలో పరాన్నజీవులు అతి తక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మదర్శినికి చిక్కకపోవడం పెద్ద చిక్కు. వ్యాధి సోకిన ఎర్రకణపు పొర అయానులను నిలుపుకోలేదు. అందువల్ల తగిన పౌనఃపున్యం వద్ద ఆరోగ్యకర కణాలు ఎలక్ట్రోడ్ అంచులకు అతుక్కోగా, సోకినవి విడిగా పోగవుతాయి. పీటర్ గాస్కోయిన్ బృందం 2002లో దీనిని ప్రచురించింది.

అయితే రక్తం ఉప్పు ద్రవం. విద్యుత్తు సోకితే వేడెక్కుతుంది. కణాలను ముందుగా చక్కెర ద్రావణంలోకి మార్చవలసి ఉంటుంది. అడవి పల్లెలో ఇది తేలిక కాదు. అక్కడ వేలికొన రక్తంతో చేసే రాపిడ్ కిట్, గాజుపలక పరీక్షలే ఆధారం.