రాయని చట్టం ఎవరి చేతిలో ఉంటుంది?

రోమ్ అనగానే మనకి సీజర్ గుర్తొస్తాడు. అతనికి నాలుగు వందల ఏళ్ల ముందే అక్కడి మామూలు జనం చేసిన పోరాటం గురించి రాస్తున్నాం.

క్రీ.పూ. 509లో రోమన్లు రాజును వెళ్లగొట్టారని వాళ్ల చరిత్ర చెప్తుంది. ఆ స్థానంలో ఏడాదికి ఇద్దరు కాన్సుల్స్ వచ్చారు. ఒకరి నిర్ణయాన్ని ఇంకొకరు ఆపొచ్చు. కానీ పదవులు, సెనేట్, పూజారితనం దాదాపు అన్నీ పెట్రీషియన్లనే పెద్ద కుటుంబాలవే. యుద్ధానికి మాత్రం మామూలు జనమైన ప్లెబియన్లు కావాలి. అప్పు తీర్చలేకపోతే వాళ్లు అప్పిచ్చినోడి దగ్గర వెట్టి చేయాల్సిందే.

494లో ప్లెబియన్లు కత్తి ఎత్తకుండానే నగరం వదిలి కొండ మీదకెళ్లి కూర్చున్నారు. సైన్యం లేక పెద్దలు దిగొచ్చారు. అలా ప్లెబియన్ల తరఫున ట్రిబ్యూన్లు వచ్చారు. వాళ్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

అయినా చట్టం రాసి లేదు, పెద్దలు ఏదంటే అదే తీర్పు. మళ్లీ పట్టుబడితే 451-450లో పన్నెండు పలకల మీద రాసి, ఫోరమ్ అనే నడిబజారులో పెట్టారు. ప్లెబియన్లకీ పెట్రీషియన్లకీ పెళ్లి కుదరదని కూడా అందులో ఉంది! కానీ రాసి ఉంది కాబట్టే అన్యాయం ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగారు. 445లో ఆ నిషేధం పోయింది.

మన భూముల కోసం 1/70 చట్టం కూడా రాసే ఉంది. మనలో ఎంతమందిమి చదివాం? కామెంట్‌లో చెప్పండి.