పెరటి మంచు

హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ పేరొక్కటే. మంచుమీద కూడా హాకీ ఆడతారని విన్నానుగాని, అందులో బంతి వుండదనీ, నల్లటి రబ్బరు బిళ్ళ వుంటుందనీ మొన్న ఆషాఢందాకా నాకు తెలియదంటే నమ్మండి.

పక్కింటి పిన్నిగారి మనవడు టొరంటో నించి సెలవులకి వచ్చాడు. పదేళ్ళవాడు. హాల్లో హార్లిక్సు సీసాలు వరసగా పేర్చి, ఓ కర్రతో చెక్కబంతిని వాటి మధ్యనించి మెలికలు తిప్పుతూ తీసుకుపోతున్నాడు. పిన్నిగారికి సీసాల బెంగ. "కిందకి చూసి ఆడరా నాయనా!" అని కేకేశారు.

"కిందకి చూడకూడదు అమ్మమ్మా. చూస్తే మా కోచ్ వూరుకోడు" అన్నాడు వాడు, తలెత్తి నావంక చూస్తూనే. బంతి మాత్రం కర్రని వదల్లేదు.

నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. స్వెట్టరు అల్లుతూంటే ఆవిడ కళ్ళు వీక్లీలో సీరియల్ మీదే వుండేవి. వేళ్ళు వాటంతటవే కుట్లు లెక్కపెట్టుకునేవి. ఇక్కడ కారణం వేరులెండి. ఆ బిళ్ళ అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, 156 నించి 170 గ్రాముల బరువు. ఎగిరిపడకుండా ఆటకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. దాన్నే చూస్తూ తల వంచుకుపోయేవాణ్ణి ఎదుటివాడు భుజంతో గుద్ది పడేస్తాడు. అందుకని బిళ్ళ ఎక్కడుందో చేతులకే తెలియాలి. పైచెయ్యి కర్రని తిప్పాలి, కిందిచెయ్యి వదులుగా వుండాలి. చెప్పడం తేలికే!

ఇది నేర్పడానికీ ఓ చరిత్ర వుంది. 1951లో లాయిడ్ పెర్సివల్ అనే కెనడా శిక్షకుడు ఈ విద్యలన్నిటినీ విడదీసి 'హాకీ హ్యాండ్‌బుక్' అని పుస్తకం వేశాడు. సొంతదేశపు పెద్దజట్లవాళ్ళు పెదవి విరిచారు. సోవియట్ శిక్షకుడు అనతోలి తరాసొవ్ మాత్రం శ్రద్ధగా చదువుకున్నాడు. పెరటిచెట్టు మందుకి పనికిరాదని మనవాళ్ళు వూరికే అన్నారా! 1972లో ఆ రెండు దేశాలూ ఎనిమిది ఆటలాడాయి. అవలీలగా గెలుస్తామనుకున్న కెనడా నాలుగు గెలిచి, మూడు ఓడి, ఒకటి సమం చేసుకుని బతుకుజీవుడా అని బయటపడింది.

అప్పటికి కొన్నేళ్ళ ముందునించే, అదే కెనడాలో, నిజంగానే ఓ పెరట్లో ఈ చదువు సాగుతోంది. వూరు అంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్. గురువు వాల్టర్ గ్రెట్స్‌కీ, టెలిఫోను కంపెనీలో ఉద్యోగి. శిష్యుడు ఆయన పెద్దకొడుకు వేన్. 1961లో పుట్టాడు.

నిజానికి మొదటిపాఠం పెరట్లో కాదు, నాయనమ్మ ఇంట్లో. శనివారం రాత్రి టీవీలో హాకీ వస్తూంటే, మేరీ నాయనమ్మ పడక్కుర్చీలో కూర్చునేది. ఆవిడే గోల్‌కీపరు! మనవడు బుల్లికర్రతో బంతిని కొడుతూంటే ఆపుతుండేది. ఈ సంగతి పిన్నిగారికి చెబితే, "నా మోకాళ్ళు వూరుకోవు తల్లీ" అన్నారు.

నదిమీదా, పార్కులోనూ పిల్లాడు ఆడుతూంటే చలిలో నిలబడలేక వాల్టర్ ఇంటి వెనకే మంచు తయారుచేశాడు. వంటింటి కిటికీలోంచి వెచ్చగా చూసుకోవచ్చుగదా! లాన్‌కి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు రాత్రంతా తిప్పి వదిలేస్తే, సన్నటి తుంపర పొరలు పొరలుగా గడ్డకట్టి నున్నగా తయారయ్యేది. ఓ ఫిబ్రవరిలో అది విరిగింది. కొత్తది కొనుక్కురమ్మని భార్య ఫిలిస్‌ని పంపాడు. నడిచలికాలంలో లాన్ తడుపుకోవడానికి వచ్చిన మనిషిని కొట్టువాళ్ళు ఎలా చూసి వుంటారో మీరే వూహించుకోండి. ఇంటికొచ్చి, ఇదే ఆఖరుసారి, నాకు పిచ్చనుకున్నారని మొహం మీదే చెప్పేసిందట.

ఇక పరికరాలంటారా, ఖాళీ డబ్బాలు. వాటి చుట్టూ బిళ్ళని తిప్పుకుంటూ పోవాలి. మంచుమీద కర్రలు పడేసి, వాటిని దూకుతూ, వచ్చిన బిళ్ళని అందుకోవాలి. టీవీలో ఆట చూస్తూ, కిందకి చూడకుండా, బిళ్ళ వెళ్ళిన దారంతా కాగితంమీద గీయాలి. అది చేతికి కాదు, బుర్రకి పాఠం.

ఆరేళ్ళకి పదేళ్ళవాళ్ళ జట్టులో చేరి ఆ యేడాది ఒక్క గోల్ చేశాడు. పదేళ్ళవాడయ్యేసరికి, 1971-72లో, 378! ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ అంకె ఇంటికి సుఖం తేలేదు. తోటిపిల్లల తల్లిదండ్రులకి కంటగింపయింది. ఆటలో గేలి చేసేవారు. అది పడలేక పధ్నాలుగేళ్ళకే కుర్రాణ్ణి టొరంటోలో వేరే కుటుంబం దగ్గర వుంచారు. చరిత్ర రాసేవాళ్ళు గోల్స్ లెక్కపెడతారు. నా దృష్టి మాత్రం బ్రాంట్‌ఫర్డ్‌లో భోజనాలబల్ల దగ్గర ఖాళీ అయిన కుర్చీమీదే ఆగిపోయింది.

ఆ తరవాతి కథ లోకానికి తెలిసిందే. ఎన్‌హెచ్‌ఎల్‌లో 894 గోల్స్. 2025లో అలెగ్జాండర్ ఒవెచ్కిన్ దాటేవరకు అదే రికార్డు. 1984 నించి 1988 లోపల నాలుగు స్టాన్లీ కప్పులు.

1991లో వాల్టర్‌కి మెదడులో రక్తనాళం చిట్లింది. ప్రాణం దక్కిందిగాని ఎన్నో యేళ్ళ జ్ఞాపకాలు పోయాయి. కొడుకు గెలిచిన ఆ కప్పులు కూడా అందులోనే పోయాయి. కోలుకున్నాక మళ్ళీ చిన్నపిల్లల ఆటల దగ్గరికి వెళ్ళేవాడు. 2021లో పోయాడు.

వేన్ తన ఆత్మకథ అచ్చువేసింది 1990లో, సరిగ్గా ఆ జబ్బుకి ఏడాది ముందు. ఫిబ్రవరిలో స్ప్రింక్లరు కొన్న సంగతి ఆ పుస్తకంలోదే.