అకారాదిలో దాగిన తీర్పు

ప్రముఖుల జీవితాల నిఘంటువు అనగానే పక్షపాతం లేని పుస్తకమని నమ్ముతాం. అక్షరక్రమంలో చక్రవర్తి పక్కన దొంగ వచ్చి కూర్చున్నా పుస్తకానికి పట్టదు. చైనా విషయంలో మాత్రం ఈ నమ్మకం చెల్లదు. అక్కడ ఈ తరహా గ్రంథం పుట్టిందే తీర్పుగా. క్రీ.పూ. 91 ప్రాంతంలో చరిత్రకారుడు సీమా ఛియెన్ ముగించిన ‘షిజీ’లో 130 అధ్యాయాలు. వాటిలో 12 రాజులవి, 30 సామంత వంశాలవి, 70 వ్యక్తుల జీవితాలు; మిగతావి కాలపట్టికలు, పాలనా విషయాలు. మనిషి ఏ అరలో పడ్డాడన్నదే అతని విలువ. హాన్ వంశ స్థాపకుడి చేతిలో ఓడి చచ్చిన షియాంగ్ యును సీమా ఛియెన్ చక్రవర్తుల సరసన కూర్చోబెట్టాడు. కూలికి పొలం దున్ని, ఛిన్ సామ్రాజ్యం మీద తొలి తిరుగుబాటు లేవదీసిన చెన్ షె సామంత వంశాల్లో చేరాడు. జానెడు జాగీరు లేని కన్ఫ్యూషియస్ కూడా అక్కడే ఉన్నాడు. వర్తకులకు, రాజుల మీద కత్తి దూసిన హంతకులకు, జోస్యులకు, ఆస్థాన విదూషకులకు వేరువేరు అధ్యాయాలు దక్కాయి. శత్రువుకు లొంగిపోయిన సేనాని లి లింగ్‌ను వెనకేసుకొచ్చి వృషణచ్ఛేద శిక్ష పడ్డ మనిషి, గొప్పతనాన్ని గెలుపోటములతో కొలవకపోవడంలో వింతేముంది!

రెండువందల ఏళ్లు తిరక్కుండానే మరో చరిత్రకారుడు బాన్ గు ఆ అరలు సర్దేశాడు. అతని ‘హాన్‌షు’లో షియాంగ్ యు, చెన్ షె ఇద్దరూ కిందికి దిగి ఒకే అధ్యాయంలో సర్దుకోవలసి వచ్చింది. సీమా ఛియెన్ ధనవంతులను, సాహసికులను మెచ్చుకున్నాడని తప్పు కూడా పట్టాడు. 629లో తాంగ్ చక్రవర్తి తైజొంగ్ చరిత్ర రచనకు ప్రభుత్వ కార్యాలయమే పెట్టాక, పోయిన వంశం చరిత్రను వచ్చిన వంశం రాయించడం స్థిరపడింది. పాతవాటితో కలిపి అలా పేరుకున్నవే 24 అధికార చరిత్రలు. కొలువు చేసినవాడి కుటుంబం రాయించుకున్న సమాధి శాసనాలు, జీవిత వివరాలు వాటికి ముడిసరుకు. ఇరుకు ఎంత పెరిగిందో స్త్రీల అధ్యాయాల్లో తెలుస్తుంది. అయిదో శతాబ్దపు ‘హౌ హాన్‌షు’లో ఆ అధ్యాయం పండితురాళ్లకు చోటిచ్చింది. అన్న బాన్ గు అర్ధంతరంగా వదిలిన చరిత్రను పూర్తిచేసిన బాన్ జావ్ అక్కడే కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ చోటంతా పాతివ్రత్యం కోసం ప్రాణం విడిచిన వితంతువులదే అయిపోయింది. ఈ కొలువుకు బయట ఉన్న అర బౌద్ధులది. ఆరో శతాబ్దంలో హుయిజియావ్ కూర్చిన భిక్షువుల చరిత్రల్లో కుమారజీవుడివంటి పరదేశులూ ఉన్నారు. కృష్ణాతీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడి జీవితం చైనా భాషలో దొరుకుతోందంటే, అది కుమారజీవుడి పేరు మీదే.

అక్షరక్రమం పాశ్చాత్యులతో వచ్చింది. బ్రిటిష్ కాన్సులేట్ ఉద్యోగం చేసి కేంబ్రిడ్జి ఆచార్యుడైన హెర్బర్ట్ గైల్స్ 1898లో 2,579 జీవితాలు అచ్చువేశాడు. అందులో చరిత్ర ఎంతో, కట్టుకథ ఎంతో విడదీయడం కష్టం. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తరఫున ఆర్థర్ హమ్మెల్ 1943-44లో తెచ్చిన ఛింగ్ కాలపు ప్రముఖుల సంపుటాలు దానికంటే ఎన్నో రెట్లు గట్టివి. సుమారు 800 జీవితాల్లో ఎక్కువ భాగం ఫాంగ్ చావ్-యింగ్, తు లియెన్-చె దంపతుల కష్టం. ఆధునిక పండితులు మూలాలను పరీక్షించే రాశారు కదా, పాత తీర్పు ఇంకెక్కడిది అనవచ్చు. నిజమే, తేదీలు సరిచూశారు, పొగడ్తలు తీసేశారు, తైపింగ్ తిరుగుబాటు నాయకుడు హోంగ్ షియుఛ్వాన్‌కూ తగిన చోటిచ్చారు. ఉన్న వాక్యాన్ని పరీక్షించవచ్చు గానీ, ఎవరూ రాయని జీవితాన్ని పరీక్షించడం ఎలా? అధికార చరిత్రలు దుర్మార్గులకూ అధ్యాయాలిచ్చాయన్న వాదన ఇంకా బలమైనది. క్రూరాధికారులు, ద్రోహులైన మంత్రులు నిజంగానే వాటిలో ఉన్నారు. అయితే వాళ్లూ కొలువు మనుషులే. తిట్టు తినడానికైనా ముందు పదవి ఉండాలి.

ఇక హార్వర్డ్‌లో ఉన్న చైనా జీవితచరిత్రల డేటాబేస్. దాని బీజం చరిత్రకారుడు రాబర్ట్ హార్ట్‌వెల్ సేకరణ. పేర్లు ఇప్పుడు అయిదు లక్షలు దాటాయి. సంఖ్య ఇంత పెరిగితే ఇరుకు తీరినట్టేనా? అక్కడ నింపినవి ఎక్కువగా పదవులు, పరీక్షలు, బంధుత్వాలు, అంటే ఆ పాత ముడిసరుకే. కాకపోతే ఒక లాభముంది. మునుపు కంటికి ఆనని ఖాళీని ఇప్పుడు లెక్కపెట్టవచ్చు. ఫలానా అధికారి భార్య ఎవరని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఆమె పుట్టింటి పేరొక్కటే.