పిల్లల చెవిపోటు, చెవిలో చీము: ఒంటికి ఉన్న రక్షణ ఏమిటి, అది ఎక్కడ సరిపోదు

జలుబు చేసిన మూడు నాలుగు రోజులకు అర్ధరాత్రి పసిబిడ్డ చెవి పట్టుకుని ఏడవడం మన ఇళ్లలో కొత్త కాదు. నూనె చుక్క వేయమని అవ్వ అంటుంది, ఆస్పత్రికి పోదామని తల్లి అంటుంది, తెల్లారేదాకా చూద్దామని తండ్రి అంటాడు. ఎవరి మాట ఎప్పుడు సరైనదో తేలాలంటే చెవి లోపల ఏం జరుగుతుందో, ఒళ్లు తనంతట తాను ఏం చేసుకోగలదో తెలియాలి. బళ్లారి జిల్లాలోని తెలుగు కుటుంబాల కోసం ఆ సంగతులు వరుసగా ఇస్తున్నాం. మేము వైద్యులం కాము. మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయమే.

చెవి నిర్మాణం

బయటి చెవి కాలువ చివర కర్ణభేరి అనే పలుచని పొర ఉంటుంది. దాని వెనుక గాలితో నిండిన చిన్న గదే మధ్య చెవి. శబ్దాన్ని లోపలి చెవికి చేరవేసే మూడు బుల్లి ఎముకలు అందులోనే ఉంటాయి. మధ్య చెవి నుంచి ముక్కు వెనుక భాగానికి ఒక సన్నని గొట్టం పోతుంది. దాని పేరు యూస్టేషియన్ నాళం. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది.

మధ్య చెవికి చీము పట్టించే బ్యాక్టీరియా సాధారణంగా బయటి నుంచి రావు, ముక్కు వెనుక నుంచి ఈ నాళం గుండా ఎక్కుతాయి. న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా కాటరాలిస్ అనే మూడు వీటిలో ముఖ్యమైనవి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనుక కూడా ఇవి ఉండవచ్చు. అయినా రోజూ చెవిపోటు రాదంటే కారణం ఒంట్లో ఉన్న కాపలాయే.

మొదటి కాపలా: నాళం, జిగురు, సన్నని వెంట్రుకలు

నాళం ఎక్కువసేపు మూసుకుని ఉండటమే మొదటి రక్షణ. రెండోది శ్లేష్మం. నాళం లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నని వెంట్రుకలు ఉంటాయి. అవి శ్లేష్మాన్ని, అందులో చిక్కిన బ్యాక్టీరియాను ఎప్పుడూ గొంతు వైపు ఊడ్చేస్తుంటాయి. ఆ శ్లేష్మంలో లైసోజైమ్ అనే పదార్థం బ్యాక్టీరియా గోడను కోస్తుంది. లాక్టోఫెర్రిన్ వాటికి కావలసిన ఇనుమును అందకుండా పట్టి ఉంచుతుంది. డిఫెన్సిన్లు వాటి పైపొరకు తూట్లు పొడుస్తాయి.

జలుబు చేసినప్పుడు ఈ ఏర్పాటే దెబ్బతింటుంది. జలుబు వైరస్ వల్ల నాళం వాచి మూసుకుపోతుంది, వెంట్రుకల ఊడ్పు మందగిస్తుంది. మధ్య చెవిలో గాలి తగ్గి నీరు ఊరుతుంది. ఆ నీటిలో బ్యాక్టీరియా పెరుగుతాయి. బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ కూడా ఈ సన్నని వెంట్రుకలకు శత్రువులే.

రెండో కాపలా: తెల్లకణాలు, జ్వరం

బ్యాక్టీరియా మధ్య చెవికి చేరితే అక్కడి కణాలు వాటిని పరాయివిగా గుర్తించి కబురు పంపుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి బ్యాక్టీరియాను మింగుతాయి. రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు బ్యాక్టీరియాకు అంటుకుని, మింగడాన్ని సులువు చేస్తాయి. ఈ పోరులో చచ్చిన తెల్లకణాలు, బ్యాక్టీరియా, నీరు కలిసినదే చీము. జ్వరం కూడా ఈ పోరులో భాగమే.

చిన్న గదిలో చీము నిండి కర్ణభేరిని నెట్టడం వల్లే అంత నొప్పి. ఒక్కోసారి పొర చిరిగి చీము బయటకు వస్తుంది, నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ చిరుగు చాలామందిలో కొద్ది రోజుల్లో, కొన్ని వారాల్లో తనంతట తాను పూడుతుంది. నొప్పి తగ్గిందని డాక్టరుకు చూపించడం మాత్రం మానకూడదు.

యాంటీబయాటిక్ ఇచ్చిన పిల్లలను, ఇవ్వని పిల్లలను పోల్చి చూసిన పరిశోధనల్లో, ఇచ్చినా ఇవ్వకపోయినా నూటికి 60 మంది 24 గంటల్లో తేరుకున్నారు. అందుకే రెండేళ్లు దాటి, జబ్బు తేలికగా ఉన్న బిడ్డకు డాక్టరు నొప్పి మందు మాత్రమే ఇచ్చి, రెండు మూడు రోజులు చూద్దామంటే అది నిర్లక్ష్యం కాదు. రెండేళ్ల లోపు బిడ్డకు రెండు చెవులూ పట్టినప్పుడు, చెవి కారుతున్నప్పుడు యాంటీబయాటిక్ వల్ల మేలు ఎక్కువ.

మూడో కాపలా: యాంటీబాడీలు, తల్లిపాలు

ఒకసారి చూసిన శత్రువును గుర్తుపెట్టుకునేవి యాంటీబాడీలు. కడుపులో ఉండగానే తల్లి నుంచి కొన్ని బిడ్డకు చేరతాయి. పుట్టిన తర్వాత మొదటి ఆరు నెలల్లో అవి తరిగిపోతాయి. బిడ్డ సొంత యాంటీబాడీలు ఇంకా బలపడి ఉండవు. న్యుమోకాకస్ తన చుట్టూ చక్కెర పదార్థంతో కవచం కట్టుకుంటుంది. ఆ కవచాన్ని గుర్తించే శక్తి రెండేళ్ల లోపు పిల్లలకు చాలా తక్కువ. వాళ్ల నాళం కూడా పెద్దవారి నాళంలో సగం పొడవే, పైగా దాదాపు అడ్డంగా ఉంటుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య చెవిపోటు ఎక్కువగా రావడానికి కారణాలు ఇవే.

ఈ లోటును కొంత పూరించేది తల్లిపాలు. ముర్రుపాలలో ఐజీఏ అనే యాంటీబాడీ, లాక్టోఫెర్రిన్ దండిగా ఉంటాయి. వాటిని పిండి పారబోయకూడదు. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి. సీసా పాలు తప్పనిసరైతే బిడ్డను పడుకోబెట్టి కాక, తల ఎత్తి పట్టుకుని తాగించాలి.

బ్యాక్టీరియా ఎత్తుగడలు, టీకా

కొన్ని బ్యాక్టీరియా ఐజీఏను ముక్కలు చేసే పదార్థాన్ని విడుదల చేస్తాయి. కొన్ని గుంపుగా జిగురు పొర కట్టుకుని దాని చాటున దాక్కుంటాయి. తెల్లకణాలు, యాంటీబాడీలు, మందులు ఆ పొరలోకి సరిగా చొరబడలేవు. మాటిమాటికీ చెవి కారడానికి ఇదొక కారణం.

న్యుమోకాకస్ మీద పీసీవీ టీకా ఉంది. కవచంలోని చక్కెరను ఒక ప్రొటీన్‌కు అతికించి తయారు చేస్తారు కాబట్టి పసిబిడ్డ ఒళ్లు కూడా దాన్ని గుర్తిస్తుంది. ప్రభుత్వ కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేయాలి. న్యుమోకాకస్‌లో 90కి పైగా రకాలుంటే టీకా కొన్నింటినే ఆపుతుంది. చెవిపోటు పూర్తిగా పోదు, తగ్గుతుంది. తాయి కార్డులో ఈ మూడు తేదీలూ పడ్డాయో లేదో చూసుకోండి.

ఇంట్లో చేయకూడనివి

వెల్లుల్లి కాచిన నూనె, ఆముదం, చనుబాలు చెవిలో పోయడం మనకు పాత అలవాటు. కర్ణభేరి బాగుంటే ఆ నూనె మధ్య చెవికి చేరనే చేరదు. పొర చిరిగి ఉంటే నూనెతో పాటు కొత్త క్రిములు లోపలికి పోతాయి. రెండు విధాలా లాభం లేదు. అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈకతో కెలకడం ఇంకా ప్రమాదం. గులిమి కూడా బయటి కాలువకు ఒక రక్షణే.

చెవి కారుతుంటే శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను వత్తిలా చేసి, తడి పీల్చుకునేదాకా మార్చి మార్చి పెట్టి ఆరబెట్టాలి. మానేదాకా పిల్లలను తుంగభద్ర కాలువలో, చెరువులో ఈతకు పంపకూడదు.

ఎప్పుడు ఆగకూడదు

ఆరు నెలల లోపు బిడ్డకు చెవిపోటు అనుమానం ఉన్నా, రెండు రోజుల్లో నొప్పి, జ్వరం తగ్గకపోయినా, చెవి కారుతున్నా డాక్టరుకు చూపించాలి. చెవి వెనుక ఎముక వాచి ముట్టుకుంటే నొప్పి పుట్టినా, మెడ బిగుసుకున్నా, మూతి వంకర పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా అప్పటికప్పుడే పెద్దాస్పత్రికి పోవాలి. చీము 14 రోజులు దాటితే అది దీర్ఘకాలిక జబ్బు, ఒళ్లే చూసుకుంటుందిలే అని వదిలేయకూడదు.

ఆస్పత్రిలో మాట తడబడకుండా నాలుగు కన్నడ మాటలు గుర్తుంచుకోండి. చెవి అంటే కివి, చీము అంటే కీవు. ఈ రెండు మాటల్లో తెలుగులో చకారం ఉన్నచోట కన్నడలో కకారం. నొప్పి అయితే "కివి నోవు", కారుతుంటే "కివి సోరుత్తిదె", వినపడకపోతే "కివి కేళిసల్ల" అనండి. ఎన్ని రోజులుగా ఉందో తప్పక చెప్పండి.

నొప్పి పోయాక మిగిలేది

పోరు ముగిసినా మధ్య చెవిలో నీరు వెంటనే పోదు. రెండు వారాల తర్వాత నూటికి 60, 70 మంది పిల్లల్లో, నెల తర్వాత 40 మందిలో, మూడు నెలల తర్వాత కూడా 10 నుంచి 25 మందిలో అది ఉంటుంది. నొప్పి, జ్వరం ఉండవు కాబట్టి ఎవరికీ తెలియదు. బిడ్డకు మాత్రం చెవుల్లో దూది పెట్టినట్టు మాట మందంగా వినపడుతుంది.

మన సరిహద్దు జిల్లాలో ఇది ఇంకో చిక్కు తెస్తుంది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పటి నుంచి మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పిలిస్తే పలకని పిల్లను చూసి "ఇంట్లో తెలుగు కదా, కన్నడ అర్థం కాలేదు" అని అందరూ సరిపెట్టుకుంటారు. అసలు లోపం చెవిలో ఉండొచ్చు. తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. వెనుక నుంచి, మీ మొహం కనిపించకుండా, తెలుగులోనే మెల్లగా పిలవండి. ఇంటి మాటకూ పలకకపోతే అది భాష సమస్య కాదు. టీవీ శబ్దం పెంచడం, ప్రతి మాటకూ "ఆఁ?" అనడం కూడా గుర్తులే.

అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వస్తాయి. 2013లో మొదలైన ఈ పథకంలో మధ్య చెవి జబ్బు, వినికిడి లోపం రెండూ పరీక్షించాల్సిన జాబితాలో ఉన్నాయి. పరీక్ష రోజున బిడ్డను బడి మాన్పించకండి. చెవి కారిన చరిత్ర ఉంటే టీచరమ్మకు ముందే చెప్పండి. మూడు నెలలైనా వినికిడి తేరుకోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి.